4 నిమిషాల 20 సెకన్లకి లైవ్ ఆగిపోతోంది, మల్టీకాస్ట్ తెలిసినవాళ్ళు కాస్త చూడండి

ల్యాబ్_శీను
అందరికీ నమస్తే. గోదావరి జిల్లాల్లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అడ్మిన్‌ని, నెట్‌వర్క్ కూడా నా నెత్తినే. మాకు ఆడిటోరియంలో ఏం జరిగినా సీట్లు చాలవు, అందుకని ఒక కెమెరా ఒక ఎన్‌కోడర్ (కెమెరా బొమ్మని నెట్‌వర్క్ ప్యాకెట్లు చేసే డబ్బా) పెట్టి క్లాస్‌రూముల్లో ప్రొజెక్టర్ పీసీలకి, రెండు హాస్టళ్ళకి లైవ్ ఇస్తాం. ఎన్‌కోడర్ 8 ఎంబీపీఎస్‌లో 239.10.10.1 కి పంపుద్ది, మల్టీకాస్ట్ అంటారు, ఒక్క కాపీ వదిలితే అడిగినవాళ్ళందరికీ పోద్ది, వీఎల్‌సీ ప్లేయర్‌లో ఆ అడ్రస్ కొడితే బొమ్మ వచ్చేస్తది. మూడేళ్ళు నడిచింది, నేను దాని జోలికి పోలేదు, అది నా జోలికి రాలేదు.

వేసవి సెలవుల్లో పాత కోర్ స్విచ్ పోయింది. కొత్తవి వేశారు, మేనేజ్డ్ లేయర్ 2 (సెట్టింగ్‌లు మార్చుకోవచ్చు, రౌటర్ పని చేయవు), గేట్‌వే అంటే బయటికి దారి ఇప్పుడు ఫైర్‌వాల్ మీద ఉంది. మొన్న ఫ్రెషర్స్ డే. మొదలెట్టగానే అన్ని రూముల్లో వచ్చింది, హమ్మయ్య అనుకుని టీకి బయటికెళ్ళా, గ్లాసు చేతికొచ్చే లోపు ఫోన్ల మీద ఫోన్లు. అంతా ఫ్రీజ్. వీఎల్‌సీ మూసి తెరిస్తే మళ్ళీ వస్తది, మళ్ళీ ఆగుద్ది. స్టాప్‌వాచ్ పెట్టి చూశా, ప్రతిసారీ 4 నిమిషాల 20 సెకన్లు, అటూ ఇటూ కొన్ని సెకన్లు. ఇంకో వింత, హాస్టల్ ఆఫీసులో నాలుగు పీసీలున్నాయి, వాటిలో మాత్రం దాదాపు ఆగట్లేదు. పింగ్ బానే ఉంది, కేబుళ్ళు మార్చా, ఎన్‌కోడర్ మార్చా. మా ప్రిన్సిపాల్ గారు యూట్యూబ్‌లో పెట్టేయొచ్చు కదా అంటున్నారు.

ఫైర్‌వాల్_ఫణి
స్విచ్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ అని ఉంటది చూడు, మల్టీకాస్ట్‌ని అడిగిన పోర్టులకే పంపే సెట్టింగ్, ఆఫ్ చేసెయ్. మా ఆఫీసులో అంతే చేశాం, రెండు నిమిషాల పని.

ప్యాకెట్_పిచ్చోడు
శీనూ ఆఫ్ చేయకు. ముందు ఒక్కటి చెప్పు, హాస్టల్ వైఫై కూడా అదే వీలాన్‌లో (స్విచ్‌లో విడగొట్టిన నెట్‌వర్క్ భాగంలో) ఉందా?

ల్యాబ్_శీను
చేసేశానన్నా 😬 మీ పోస్ట్ ఇప్పుడే చూశా. లైవ్ అయితే ఆగట్లేదు, పావుగంట నుంచి నడుస్తోంది. కానీ రెండు హాస్టళ్ళలో వైఫై మొత్తం పడిపోయింది, వార్డెన్ గారు నాకు డైరెక్ట్‌గా ఫోన్ చేసి "ఏమయ్యా ఏం కెలికావు" అంటున్నారు. అవునన్నా అంతా ఒకటే వీలాన్, పాతకాలం నుంచి అలాగే ఉంది.

ప్యాకెట్_పిచ్చోడు
అనుకున్నా. స్నూపింగ్ మళ్ళీ ఆన్ చేసి వార్డెన్ గారిని శాంతింపజెయ్, తర్వాత మాట్లాడుకుందాం.

ఏం జరిగిందంటే, స్నూపింగ్ లేకపోతే స్విచ్‌కి మల్టీకాస్ట్ అంటే ఏంటో తెలీదు, దండోరా వేసినట్టు ప్రతి పోర్టుకీ కొట్టేస్తది. వైర్ మీద 1 గిగాబిట్ పోర్టుకి 8 ఎంబీపీఎస్ లెక్క కాదు, ఎవరూ గమనించరు. యాక్సెస్ పాయింట్ దగ్గరికొచ్చేసరికే కథ మారుద్ది. మామూలు వైఫై ప్యాకెట్ అయితే అవతలి ఫోన్ "అందింది" అని జవాబిస్తది, అందకపోతే మళ్ళీ పంపుతారు, ఆ ఫోన్ ఎంత దగ్గరుంటే అంత స్పీడ్‌లో పంపుతారు. మల్టీకాస్ట్‌కి జవాబులూ లేవు, మళ్ళీ పంపడాలూ లేవు, అందరికీ వినపడాలి కాబట్టి ఉన్నవాటిల్లో అన్నిటికన్నా తక్కువ బేసిక్ రేట్‌లో పంపుతారు. 2.4 గిగాహెర్ట్జ్‌లో పాత సెట్టింగ్ అలాగే ఉంటే అది 1 ఎంబీపీఎస్. 8 ఎంబీపీఎస్ వీడియోని 1 ఎంబీపీఎస్ గొట్టంలో తోస్తున్నావు, ఇక పిల్లల వాట్సాప్‌కి గాలి ఎక్కడ మిగుల్తది.

ల్యాబ్_శీను
ఆన్ చేశా, వైఫై వచ్చింది. 4:20 కూడా తిరిగొచ్చింది 😭

ప్యాకెట్_పిచ్చోడు
4 నిమిషాల 20 సెకన్లు అంటే 260 సెకన్లు కదా. ఆ నంబర్ చూడగానే నాకు అర్థమైపోయింది. 125 ఇంటూ 2 ప్లస్ 10. నీ నెట్‌వర్క్‌లో క్వెరియర్ లేడు.

మొదట్నుంచి చెప్తా, కాస్త పొడుగే, ఓపిక పట్టు. మల్టీకాస్ట్‌లో పంపేవాడికి ఎవరు చూస్తున్నారో తెలీదు, తెలియాల్సిన పని కూడా లేదు. నీ ఎన్‌కోడర్ 239.10.10.1 అనే అడ్రస్‌కి ఒక్క కాపీ వదుల్తది అంతే, ఆ అడ్రస్ ఏ మెషీన్‌దీ కాదు, 224 నుంచి 239 దాకా ఉన్న అడ్రస్‌లన్నీ గ్రూపులే. చూడాలనుకున్న పీసీ "నాకు ఈ గ్రూప్ కావాలి" అని ఐజీఎంపీ రిపోర్ట్ పంపుద్ది. ఆ రిపోర్ట్ రౌటర్ కోసం పుట్టింది, స్విచ్ మధ్యలో చెవి పెట్టి వింటది, అందుకే దాన్ని స్నూపింగ్ అన్నారు. "7వ పోర్టులో ఎవడో 239.10.10.1 అడిగాడు" అని రాసుకుని ఆ పోర్టుకి మాత్రం పంపుద్ది.

మరి ఆ రాసుకున్నది ఎన్నాళ్ళు నమ్మాలి? పీసీ కరెంట్ పోయి ఆగిపోవచ్చు, కేబుల్ పీకేయొచ్చు, పోయేటప్పుడు అందరూ చెప్పిపోరు కదా. అందుకని క్లాసులో హాజరు పిలిచినట్టు ఒకడు మాటిమాటికీ "ఎవరైనా చూస్తున్నారా" అని అడగాలి. వాడే క్వెరియర్. డిఫాల్ట్‌గా 125 సెకన్లకోసారి అడుగుతాడు, జవాబుకి 10 సెకన్లు టైమిస్తాడు, రెండుసార్లు పిలిచినా పలక్కపోతే పేరు కొట్టేస్తారు. అదే 260.

మీ పాత కోర్ స్విచ్ లేయర్ 3 (రౌటర్ పని కూడా చేసేది) అయ్యుంటది, మల్టీకాస్ట్ రౌటింగ్ ఆన్‌లో ఉంటది, అదే హాజరు పిలిచేది, ఆ సంగతి ఎవరికీ తెలీదు. అది పోయింది. ఇప్పుడు వీఎల్‌సీ ఓపెన్ చేయగానే పీసీ తనంతట తాను రిపోర్ట్ ఇస్తోంది, బొమ్మ వస్తోంది. ఆ తర్వాత అడిగే నాథుడు లేడు, అడక్కపోతే పీసీ చెప్పదు, స్విచ్‌కి 260 సెకన్లు నిండగానే పేరు కొట్టేస్తోంది.

సీసీఎన్ఏ_సుజాత
అన్నా మరి గా హాస్టల్ ఆఫీసుల ఎందుకు ఆగుతలేదు? గక్కడ గూడ క్వెరియర్ లేడు కదా.

ప్యాకెట్_పిచ్చోడు
మంచి ప్రశ్న. శీనూ, ఆ నాలుగు పీసీలు ఒక చిన్న డబ్బా స్విచ్ మీద ఉన్నాయా?

ల్యాబ్_శీను
అవునన్నా! 8 పోర్టుల అన్‌మేనేజ్డ్ డబ్బా, టేబుల్ కింద పడుంది.

ప్యాకెట్_పిచ్చోడు
అంతే. మేనేజ్డ్ స్విచ్‌కి ఆ నాలుగూ కలిపి ఒక్కటే పోర్టు. నలుగురిలో ఎవరో ఒకరు వీఎల్‌సీ మూసి తెరుస్తుంటే ఆ పోర్టుకి కొత్త రిపోర్ట్ పోతోంది, టైమర్ మళ్ళీ మొదలు, మిగతా ముగ్గురికీ ఫ్రీగా నడుస్తోంది. ఒకడు చందా కడితే నలుగురు పేపర్ చదివినట్టు.

సీసీఎన్ఏ_సుజాత
ఇంకో డౌట్. హాజరు పిలిచినప్పుడు అందరు పలుకుతరా? 500 మంది ఉంటే 500 రిపోర్టులు వస్తయా?

ప్యాకెట్_పిచ్చోడు
ఇక్కడే మజా ఉంది. 1997 నాటి వెర్షన్ 2లో (1989 నాటి మొదటి దాంట్లో కూడా) పీసీలు వెంటనే పలకవు, ఒక్కొక్కటి ఎంతో కొంత ర్యాండమ్‌గా ఆగుద్ది, ఈలోపు పక్కవాడెవడైనా అదే గ్రూప్‌కి "ప్రెజెంట్ సార్" అన్నది వినపడితే తను నోరు మూసుకుంటది. రౌటర్‌కి కావాల్సింది ఎంతమంది అని కాదు, ఒక్కడైనా ఉన్నాడా లేదా అని, అందుకే ఆ పొదుపు.

తర్వాత స్నూపింగ్ వచ్చి ఈ పొదుపుకి ఎసరు పెట్టింది. స్విచ్‌కి ఏ పోర్టులో ఉన్నాడో కావాలి, ఒకడు పలికి మిగతావాళ్ళు ఊరుకుంటే ఎలా? అందుకని తెలివైన స్విచ్‌లు రిపోర్ట్‌ని మిగతా పీసీలకి విననివ్వవు, రౌటర్ ఉన్న పోర్టు వైపు మాత్రం పంపుతాయి. ఎవడికీ ఎవడూ వినపడడు కాబట్టి అందరూ పలుకుతారు. 2002లో వెర్షన్ 3 వచ్చేసరికి ఆ ఊరుకోవడం అనేదే తీసేశారు, ప్రతివాడూ తన రిపోర్ట్ 224.0.0.22 కి పంపాల్సిందే. పైగా "ఈ గ్రూప్ కావాలి, కానీ ఫలానా సోర్స్ నుంచి వస్తేనే" అని కూడా చెప్పొచ్చు.

శీనూ నువ్వు చేయాల్సింది: ఏదో ఒక స్విచ్‌లో, మధ్యలో ఉన్నదైతే మేలు, స్నూపింగ్ క్వెరియర్ అనే ఆప్షన్ ఆన్ చెయ్. ఆ వీలాన్‌లో దానికి ఒక ఐపీ అడ్రస్ కూడా ఇవ్వు, లేకపోతే కొన్ని స్విచ్‌లు 0.0.0.0 నుంచి అడుగుతాయి, అలా అడిగితే కొన్ని పరికరాలు పట్టించుకోవు. రెండు చోట్ల ఆన్ చేసినా గొడవ లేదు, చిన్న ఐపీ ఉన్నోడు గెలుస్తాడు, రెండోవాడు ఊరికే కాచుకుని ఉంటాడు. తర్వాత ఏదో ఒక పీసీలో వైర్‌షార్క్ (ప్యాకెట్లు చూపించే ప్రోగ్రాం) తెరిచి ఐజీఎంపీ ఫిల్టర్ పెట్టు, రెండు నిమిషాలకోసారి 224.0.0.1 కి క్వెరీ కనపడితే గెలిచినట్టే.

కోటి_కేబుల్
నమస్తే బాబులూ. నేను తెనాలి పక్క కేబుల్ ఆపరేటర్‌ని, 20 ఏళ్ళు కోయాక్సియల్ లాగి ఇప్పుడు ఫైబర్‌లో టీవీ ఇస్తన్నా. ఈ ఐజీఎంపీ నన్ను ఏడిపించినంత ఏ ఛానలూ ఏడిపించలా.

మాకు జీపాన్, ఒకే ఫైబర్‌ని చాలా ఇళ్ళకి పంచే పద్ధతి. ఒక పోర్టు నుంచి కిందికి 2.5 గిగాబిట్, దాన్ని అద్దాల స్ప్లిట్టర్‌తో 64 ఇళ్ళకి చీలుస్తాం. జనం అనుకునేది ఇంటికో తీగ ఇంటికో సిగ్నల్ అని, కాదు, కిందికి పోయే వెలుతురు 64 ఇళ్ళకీ ఒకటే పడుద్ది, ఎవరి ప్యాకెట్ వాళ్ళ డబ్బా ఏరుకుంటది. అంటే మల్టీకాస్ట్‌కి పుట్టిన తీగ అది. 64 ఇళ్ళల్లో అందరూ ఒకే మ్యాచ్ హెచ్‌డీలో పెడితే 8 ఎంబీపీఎస్ ఒక్కసారి పంపితే సరి, విడివిడిగా పంపాలంటే 512.

నా ఏడుపు ఏంటంటే, ఒకాయన ఇంట్లో రెండు టీవీలు, ఫైబర్ డబ్బాకి ఒక్క పోర్టు, దాని వెనక చిన్న స్విచ్. ముందుగదిలో పెద్దాయన న్యూస్ ఛానల్, లోపల ఆవిడ కూడా అదే న్యూస్ పెట్టింది. ఆవిడ సీరియల్‌కి మార్చగానే పెద్దాయన టీవీ నల్లబడుద్ది. వారం తిరిగా ఆ ఇంటి చుట్టూ, బాక్స్ మార్చా, పెద్దాయన మా మీద కుట్ర అనేదాకా వచ్చాడు.

ప్యాకెట్_పిచ్చోడు
హహ, ఫాస్ట్ లీవ్ ఆన్‌లో ఉంది కదా కోటన్నా.

కోటి_కేబుల్
అదే బాబూ. మామూలుగా ఐతే టీవీ "నేను పోతన్నా" అని లీవ్ చెప్తే అవతలోడు "ఇంకెవరన్నా ఉన్నారా" అని సెకను తేడాతో రెండుసార్లు అడిగి అప్పుడు ఆపాలి. ఆ రెండు సెకన్లు పాత ఛానల్ కూడా వస్తానే ఉంటది, ఛానల్ గబగబా మార్చేవాడికి తీగ నిండిపోద్ది, అందుకని ఫాస్ట్ లీవ్ పెడతాం, అడగడాలు లేవు, ఒక్కడు పోతానన్నాడంటే ఆ పోర్టు కట్. పోర్టు వెనక ఒక్క టీవీ ఉంటే బంగారం. రెండుంటే పెద్దాయన గతే.

సీసీఎన్ఏ_సుజాత
మరి ఐపీఎల్, వరల్డ్ కప్ ఫోన్ల చూస్తరు కదా కోట్ల మంది, అది గూడ మల్టీకాస్టేనా?

ప్యాకెట్_పిచ్చోడు
కాదు. 2023 నవంబర్‌లో అహ్మదాబాద్ ఫైనల్‌ని హాట్‌స్టార్‌లో ఒకేసారి 5.9 కోట్ల మంది దాకా చూశారు కదా, ప్రతి ఫోన్‌కీ విడి కాపీయే. దగ్గర్లో సీడీఎన్ సర్వర్లు (వీడియో కాపీలు దాచిపెట్టేవి) పెట్టి, వీడియోని సెకన్ల ముక్కలు చేసి, ఎవడికి కావాల్సిన ముక్క వాడు వెబ్ పేజీ లాగ తెచ్చుకుంటాడు. నెట్ స్లో ఐతే చిన్న ముక్క, బాగుంటే పెద్ద ముక్క. మల్టీకాస్ట్‌లో ఆ వెసులుబాటు లేదు, వచ్చేది అందరికీ ఒకటే. పాజ్ కొట్టడం కూడా కుదరదు.

డల్లాస్_బాబాయ్
ఇంటర్నెట్ మీద కూడా ఇది ఒకప్పుడు నడిచింది అబ్బాయిలూ, నాలాంటి ముసలాళ్ళకి గుర్తుంటది. ఎంబోన్ అనేవాళ్ళు. 1992లో శాన్‌డియాగోలో ఐఈటీఎఫ్ (ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ళు) మీటింగ్ ఆడియో దాని మీదే పంపారు. మధ్యలో రౌటర్లకి మల్టీకాస్ట్ రాదు కదా, అందుకని యూనిక్స్ మెషీన్లలో రౌటింగ్ ప్రోగ్రాం నడిపి వాటి మధ్య టన్నెళ్ళు వేసి అతుకుల బొంత లాగ కుట్టారు. 1994 నవంబర్‌లో మా డల్లాస్‌లోనే రోలింగ్ స్టోన్స్ కచేరీలో ఓ 20 నిమిషాలు ఎంబోన్‌లో వదిలారు, ఎవరైనా ఏ గ్రూప్‌లోకైనా పంపొచ్చు కాబట్టి సివియర్ టైర్ డ్యామేజ్ అని ఇంకో బ్యాండ్ పిలవని పేరంటానికి వచ్చినట్టు వాళ్ళకంటే ముందే అదే ఎంబోన్‌లో పాడేసింది. నవ్వుకున్నాం కానీ జబ్బు కూడా అదే. గ్రూప్‌కి యజమాని లేడు.

స్టీవ్ డీరింగ్ అని స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేస్తూ ఇదంతా గీశాడాయన, 1989లో ఆర్‌ఎఫ్‌సీ 1112 అనే ప్రమాణ పత్రం ఆయనదే. గ్రూపులకి ఎథర్నెట్ అడ్రస్‌లు (మ్యాక్) కావాలి, 16 బ్లాకులు కొంటే గ్రూప్ నంబర్‌లోని 28 బిట్లూ పూర్తిగా పడతాయి, ఒక్కో బ్లాక్ 1000 డాలర్లు. డబ్బుల్లేక ఒక్కటే కొని, అందులోనూ సగమే దీనికి ఇచ్చారని చెప్పుకుంటారు. 23 బిట్లే మిగిలాయి.

సీసీఎన్ఏ_సుజాత
అంటే 5 బిట్లు పోయినయ్, 32 గ్రూపులకు ఒకటే మ్యాక్ అడ్రస్! పుస్తకంల సదివిన కానీ పైసలు లేక అట్లయిందని ఎవరు చెప్పలే 😂

టిక్_బై_టిక్
నేను ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తా, మా దాంట్లో మల్టీకాస్ట్ లేకుంటే రోజు గడవదు. ఎందుకంటే బ్యాండ్‌విడ్త్ కన్నా న్యాయం ముఖ్యం. ఎన్‌ఎస్‌ఈ కో-లొకేషన్ (బ్రోకర్ల సర్వర్లు ఎక్స్ఛేంజ్‌లోనే పెట్టుకోవడం) గొడవ గుర్తుందా? అప్పట్లో టిక్-బై-టిక్ డేటా (ప్రతి ఆర్డర్, ప్రతి ట్రేడ్ వివరం) టీసీపీలో పోయేది, టీసీపీ అంటే ఒక్కొక్కరికి వరసగా కాపీ పంపాలి, పొద్దున్నే ముందు కనెక్ట్ అయినోడికి ముందు అందేది. 2014 నుంచి మల్టీకాస్ట్‌కి మార్చారు, సర్వర్ ఒక్కసారి వదుల్తది, కాపీలు స్విచ్ హార్డ్‌వేర్‌లో పడతాయి, వరస అనే మాటే లేదు. సెబీ 2019 ఏప్రిల్ ఆర్డర్‌లో ఈ వరస సంగతంతా ఉంటది, అందులో ఎన్‌ఎస్‌ఈని డబ్బు కట్టమన్నారు, తర్వాత అప్పీల్‌లో అది చాలావరకు కొట్టేశారు, అది వేరే కథ.

మల్టీకాస్ట్ పోయేది యూడీపీలో కాబట్టి ప్యాకెట్ పోతే పోయినట్టే, ఎవడూ మళ్ళీ పంపడు. అందుకని ఇలాంటి ఫీడ్లలో ప్రతి ప్యాకెట్‌కీ నంబర్ ఉంటది, మామూలుగా అదే డేటా ఏ లైన్ బీ లైన్ అని రెండు గ్రూపుల్లో వస్తది, ఒకదాంట్లో 1041 పోతే రెండోదాంట్లో తీసుకుంటాం, రెండిట్లో పోతే విడిగా టీసీపీలో అడుక్కుంటాం.

ల్యాబ్_శీను
క్వెరియర్ పెట్టా!!! వైర్‌షార్క్‌లో 125 సెకన్లకోసారి క్వెరీ కనపడుతోంది, వెంటనే రిపోర్టులు బిలబిలమంటూ వస్తున్నాయి. గంటన్నర నుంచి ఒక్క రూములో కూడా ఆగలేదు. హాస్టల్ వైఫై కూడా మామూలుగా ఉంది, పిచ్చోడన్నా మీకు పూతరేకులు బాకీ.

ఇంకో రెండు అడుగుతా. హాస్టళ్ళని వేరే వీలాన్‌లోకి మార్చమంటున్నారు, అప్పుడు లైవ్ వాళ్ళకి పోద్దా? రెండోది, సెమినార్ హాల్ కోసం ఇంకో ఎన్‌కోడర్ పెట్టా 239.0.0.5 లో, అది మాత్రం ఎవరూ చూడకపోయినా అన్ని పోర్టులకీ పోతోంది, స్నూపింగ్ దాని విషయంలో నిద్రపోతోందా ఏంటి?

ప్యాకెట్_పిచ్చోడు
రెండోది సుజాతే చెప్పాలి 😄 ఇందాక బాబాయ్ చెప్పిన 1000 డాలర్ల కథ.

సీసీఎన్ఏ_సుజాత
ఆగన్నా లెక్క చేస్తున్న... 239.0.0.5 ల కింది 23 బిట్లు తీస్తే మ్యాక్ 01:00:5ఈ:00:00:05. అరే, 224.0.0.5 కి గూడ గదే మ్యాక్! అది ఓఎస్‌పీఎఫ్ రౌటర్లది కదా, దారులు మాట్లాడుకునేటివి. 224.0.0 తోని మొదలయ్యేటివి స్విచ్ ఎప్పటికీ ఆపొద్దు, అందరికీ పంపాలె. స్విచ్ మ్యాక్ చూసి పంపేదైతే శీనన్న వీడియోని గూడ ఓఎస్‌పీఎఫ్ అనుకుంటుంది!!

ప్యాకెట్_పిచ్చోడు
వంద మార్కులు. శీనూ, 239.0.0 గానీ 239.128.0 గానీ వాడకు, రెండూ అదే గోతిలో పడతాయి. 239.10.10.2 పెట్టుకో.

వీలాన్ సంగతి. ముందు ఎన్‌కోడర్‌లో టీటీఎల్ (ఎన్ని రౌటర్లు దాటొచ్చో చెప్పే అంకె) చూడు, మల్టీకాస్ట్‌కి డిఫాల్ట్ 1 ఉంటది చాలాచోట్ల, మొదటి రౌటర్ దగ్గరే చచ్చిపోద్ది, ఒక 8 పెట్టు. తర్వాత ఫైర్‌వాల్‌లో పిమ్ ఆన్ చేయాలి, ఐజీఎంపీ పీసీకీ రౌటర్‌కీ మధ్య భాష, పిమ్ రౌటర్‌కీ రౌటర్‌కీ మధ్య భాష. పాత డెన్స్ మోడ్‌లో ముందు ఊరంతా పారించి వద్దన్నవాళ్ళ దగ్గర ఆపేవాళ్ళు, అది మర్చిపో. స్పార్స్ మోడ్‌లో అడిగినవాడికే. అడిగేవాడికి సోర్స్ ఎక్కడుందో తెలీదు కాబట్టి ఇద్దరూ కలుసుకోడానికి ఆర్‌పీ అని ఒక రౌటర్ పెడతారు, పెళ్ళిళ్ళ పేరయ్య అనుకో, అక్కడ పరిచయమయ్యాక దగ్గరి దారి దొరికితే నేరుగా మాట్లాడుకుంటారు. నీకు ఉన్నది ఒక్క ఫైర్‌వాలే కాబట్టి ఆర్‌పీ కూడా అదే.

ఇంకోటి, ఆర్‌పీఎఫ్. మామూలు రౌటింగ్ ప్యాకెట్ ఎక్కడికి పోవాలని చూస్తది, మల్టీకాస్ట్ రౌటింగ్ ఎక్కడ్నుంచి వచ్చిందని చూస్తది. సోర్స్‌కి తిరిగి వెళ్ళే దారి ఏ ఇంటర్‌ఫేస్‌లో ఉందో అదే ఇంటర్‌ఫేస్ నుంచి వస్తేనే తీసుకుంటది, లేకపోతే చడీచప్పుడు లేకుండా పారేస్తది. లూప్ పడకుండా అది కావాలి, మల్టీకాస్ట్‌లో లూప్ అంటే కాపీకి కాపీ పుట్టుకొస్తూనే ఉంటది. ఎన్‌కోడర్‌కి రెండు నెట్‌వర్క్ కార్డులుండి సోర్స్ ఐపీ ఒకటీ ప్యాకెట్ వచ్చే దారి ఇంకొకటీ అయితే ఇక్కడే పోద్ది, లాగ్‌లో కూడా ఏం కనపడదు.

డల్లాస్_బాబాయ్
సోర్స్ ఎవరో ముందే తెలిస్తే ఆర్‌పీ గొడవే వద్దు, 232 తో మొదలయ్యే గ్రూప్, వెర్షన్ 3, సోర్స్ పేరు చెప్పి చేరడం. వేరే వేరే నెట్‌వర్కుల మధ్య ఇక అదే వాడండి, ఎవరైనా పంపగలిగే పాత పద్ధతి వద్దని 2020లో ఆర్‌ఎఫ్‌సీ 8815 లో రాసేశారు కూడా. ఆ బ్యాండ్ పాడిన 26 ఏళ్ళకి.

ల్యాబ్_శీను
239.10.10.2 కి మార్చా, మిగతా పోర్టుల కౌంటర్లు కదలడం మానేశాయి. వీలాన్ పని దసరా సెలవుల్లో పెట్టుకుంటా, ఇప్పుడు ముట్టుకుంటే వార్డెన్ గారు ఊరుకోరు. యూట్యూబ్ ప్రస్తావన మళ్ళీ రాలేదు.

ఫైర్‌వాల్_ఫణి
ఇదంతా చదివి మా ఆఫీసులో కూడా స్నూపింగ్ మళ్ళీ ఆన్ చేశా, సిగ్గేసింది. క్వెరియర్ కూడా పెట్టా. ఇప్పుడు మీటింగ్ రూములో టీవీ ఎవరి ల్యాప్‌టాప్‌లోనూ కనపడట్లేదు అంటున్నారు, పొద్దున కనపడుద్ది కాసేపటికి పోద్ది.

ప్యాకెట్_పిచ్చోడు
ల్యాప్‌టాప్ టీవీని వెతికే గ్రూపులు రెండున్నాయి, 239.255.255.250 లో వెతుకుతోందా 224.0.0.251 లోనా? రెండోదైతే స్నూపింగ్ దాన్ని ముట్టుకోకూడదు. క్యాప్చర్ పెట్టు. క్వెరియర్‌కి ఐపీ ఇచ్చావా అసలు?

ఫైర్‌వాల్_ఫణి
ఐపీ ఇవ్వాలా 🙈